విప్పి బిగించుకునే పీట

(తిరుపతిలో విద్యార్థులు, వడ్రంగి పనివాళ్లు, పూల వ్యాపారులు కలిసి పాల్గొన్న ఒక సభలో, ఇండస్ట్రియల్ డిజైన్ చివరి ఏడాది చదువుతున్న ఓ విద్యార్థిని చేసిన ప్రసంగం, తర్వాత జరిగిన ప్రశ్నోత్తరాల్లో కొంత భాగం.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డ అన్నలు ముందుకొచ్చి కూర్చోండి, ఇక్కడ కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి.

ఈ పీటను ముందు వరుస నుంచి వెనక్కి అందిస్తూ పోండి. కూర్చుని చూడండి, తిరగేసి చూడండి, పక్కనున్న చెక్క చీలను వేలితో కదిపి చూడండి. విప్పాలనిపిస్తే విప్పేయండి కూడా. మళ్లీ బిగించడానికి సుత్తే ఉండాలని లేదు, ఒక రాయి చాలు.

నేను చెప్పదలుచుకున్నది ఒకటే విషయం. ఇంట్లోకి వచ్చే సామాను ఏదైనా సరే, అది చెడిపోయిన రోజున మన వీధి చివర ఉన్న వడ్రంగి ఆచారి దాన్ని బాగుచేయగలగాలి. వీలైతే మనమే బాగుచేసుకోగలగాలి. ఆ వస్తువును గీసేవాళ్లు, అంటే నాలాగా డిజైన్ చదువుకున్నవాళ్లు, మొదటి గీత గీసేటప్పుడే ఈ సంగతి ఆలోచించాలి. అందం, ధర, ఫ్యాషన్ అన్నీ ఆ తర్వాతే. మా క్లాసులో దీని మీద ఎప్పుడూ వాదనలు జరుగుతుంటాయి. అందరూ ఒప్పుకోరు. నేను మాత్రం ఈ మాట మీదే నిలబడ్డాను.

2021 నవంబరు వానలు మీరెవరూ మరిచిపోయి ఉండరు. పల్లపు కాలనీల్లో ఇళ్లలోకి నీళ్లొచ్చేశాయి. మా పిన్ని వాళ్ల ఇల్లు అలాంటి చోటే ఉంది. నీళ్లు తగ్గాక ఇల్లు కడగడానికి అందరం వెళ్లాం. ముందు గదిలో కొత్త టీవీ యూనిట్, పడగ్గదిలో బీరువా, రెండూ వాయిదాల మీద కొన్నవి. బీరువా అడుగు భాగమంతా ఉబ్బిపోయింది. పైన అంటించిన మైకా పొరలు పొరలుగా లేచిపోయింది. తలుపు పట్టుకుని లాగితే కబ్జాలు స్క్రూలతో సహా చేతికొచ్చేశాయి. స్క్రూ పట్టుకున్న చోట చెక్క లేదు, తడి పొట్టు ఉంది. పిన్ని ఆచారిని పిలిపించింది. ఆయన చూసి, "దీంట్లో నేను చేయగలిగింది ఏమీ లేదమ్మా, మేకు కొడదామంటే కొట్టడానికి ఏముంది" అన్నాడు. ఆయనకు చేతకాక అన్న మాట కాదది. ఆ వస్తువులో బాగుచేయడానికి వీలైన భాగమంటూ ఒక్కటీ లేదు.

అదే ఇంట్లో వెనక వసారాలో మా తాత నాటి నులక మంచం ఉంది. అదీ మునిగింది. పిన్ని నులక కోసి పారేసి, కోళ్లూ పట్టెలూ, అంటే మంచం కాళ్లూ వాటిని కలిపే కర్రలూ, కడిగి నీడలో ఆరబెట్టింది. ఆరాక కొత్త నులక అల్లించింది. ఇప్పటికీ మా బాబాయి మధ్యాహ్నం పూట దాని మీదే పడుకుంటాడు.

ఎందుకిలా జరిగిందో కాస్త వివరంగా చెబుతాను. పార్టికల్ బోర్డు అంటే చెక్క ముక్కలనూ పొట్టునూ జిగురుతో కలిపి, వేడి మీద ఒత్తి చేసిన పలక. అందులో మామూలుగా వాడేది యూరియా ఫార్మాల్డిహైడ్ జిగురు. నీళ్లలో నానితే ఆ జిగురు పట్టు వదిలేస్తుంది. ఒత్తిడితో అణిగి ఉన్న చెక్క ముక్కలు నీళ్లు తాగి ఉబ్బుతాయి. మళ్లీ ఆరినా వెనకటి మందానికి రావు, ఎందుకంటే వాటిని అదిమి పట్టుకున్న జిగురు అక్కడ లేదు. ప్లైవుడ్ సంగతి వేరు, అన్నిటినీ ఒకే గాటన కట్టను. ఇక్కడున్న పనివాళ్లకు తెలుసు, 303 అని, 710 అని నంబర్లుంటాయి. 303 అంటే మామూలు వాడకానికి చేసే ప్లై. 710 అంటే మెరైన్ ప్లై, నీళ్లకు తట్టుకునే జిగురుతో చేసింది. దానికి డబ్బు ఎక్కువవుతుంది. కానీ కొనేవాళ్లకు ఈ తేడా ఎవరూ చెప్పరు. పైన మైకా ఒకటే రంగు, లోపల ఏముందో కనబడదు. లోపలిది కనబడని వస్తువును బాగుచేయడం ఎవరికైనా కష్టమే.

ఇప్పుడు మంచం దగ్గరికి వద్దాం. నేను చదువుకున్న నాలుగేళ్లలో ఎన్నో దేశాల కుర్చీలను చూశాను, కొలిచాను, బొమ్మలు గీశాను. వాటన్నిటిలో నులక మంచమంత తెలివైన నిర్మాణం నాకు తక్కువే కనబడింది. అందులో ఉన్నవి నాలుగు కోళ్లు, నాలుగు పట్టెలు, ఒక నులక. పట్టె చివరను సన్నగా నాలుకలాగా చెక్కి కోడులో తొలిచిన రంధ్రంలోకి దూరుస్తారు. అక్కడ జిగురు ఉండదు, మేకు ఉండదు. మరి ఊడిపోకుండా ఏది పట్టుకుంటుంది? నులకే పట్టుకుంటుంది. అల్లిక బిగిసేకొద్దీ నాలుగు పట్టెలనూ లోపలికి లాగుతుంది, ఆ లాగుడుకి పట్టెల చివరలు కోళ్లలో ఇంకా గట్టిగా కూర్చుంటాయి. మనం పడుకుంటే ఆ బిగువు ఇంకాస్త పెరుగుతుంది. ఇంజనీరింగ్ చదివే తమ్ముళ్లు ఒక్కసారి కాగితం మీద ఆ బలాలు ఎటు లాగుతున్నాయో గీసి చూడండి.

ఇంకో సంగతి. నులక ఎన్నాళ్లున్నా సాగకుండా ఉండదు. ఆ సంగతి మంచం చేసినవాళ్లకు ముందే తెలుసు. అందుకే అల్లికను కాళ్ల వైపు పట్టె దాకా తీసుకుపోకుండా కొంచెం ముందే ఆపేసి, మిగిలిన జాగాలో ఒక తాడుతో పట్టెకు లాగి కడతారు. మంచం గుంట పడితే ఆ ఒక్క తాడు బిగిస్తే సరిపోతుంది. దానికి వడ్రంగి అక్కర్లేదు, ఇంట్లో ఉన్నవాళ్లే కాలు తన్నిపెట్టి లాగుతారు. వస్తువు పాడవుతుందని ఒప్పుకుని, పాడైనప్పుడు ఎక్కడ చెయ్యి పెట్టాలో కూడా ముందే చూపించి చేసిన వస్తువు అది. నా పీటకు పునాది అక్కడి నుంచే తీసుకున్నాను.

విదేశాల్లో కూడా ఈ ఆలోచన ఉంది. 1859లో మైఖేల్ థోనెట్ అనే ఆయన నెంబర్ 14 అనే కుర్చీ తెచ్చాడు. బీచ్ కర్రను ఆవిరి పట్టి వంచి చేసిన కుర్చీ. మొత్తం ఆరు చెక్క భాగాలు, పది స్క్రూలు, రెండు నట్లు. విప్పి పేరిస్తే ఒక ఘనపు మీటరు పెట్టెలో 36 కుర్చీలు పట్టేవి. ఎక్కడికి చేరితే అక్కడ బిగించుకునేవాళ్లు. కూర్చునే చోట పేము అల్లిక, అది తెగితే మళ్లీ అల్లించుకోవచ్చు. ఏ కుర్చీ కాలైనా ఇంకో కుర్చీకి సరిపోతుంది. ఈ చివరి మాట గుర్తుంచుకోండి, మళ్లీ దీని దగ్గరికి వస్తాను.

మన దేశంలో చండీగఢ్ కట్టినప్పుడు అక్కడి ఆఫీసులకు పియర్ జన్నెరె అనే ఆర్కిటెక్టు టేకుతో, పేముతో కుర్చీలు చేయించాడు. కొన్నేళ్లకు వాటి పేము తెగింది, కాళ్లు వదులయ్యాయి. ఆఫీసుల వాళ్లు మేడల మీద గుట్టలు పోసి, తుక్కు లెక్కన వేలం వేశారు. కొనుక్కుపోయిన విదేశీ వ్యాపారులు చేసిందేమిటంటే, అతుకులు బిగించి, పేము మళ్లీ అల్లించి, పాలిష్ పట్టించారు. అవే కుర్చీలు ఇప్పుడు పారిస్, లండన్ వేలంపాటల్లో లక్షల రూపాయలు పలుకుతున్నాయి. అది చదివినప్పుడు నాకు బాధ వేసింది. ఆ పని చేయగల ఆచారులు చండీగఢ్‌లో లేరా? ఉన్నారు. పిలిచినవాళ్లు లేరు.

సరే, ఇక నా పీట.

మా కోర్సులో చివరి ప్రాజెక్టుకు ఎవరికి వాళ్లు ఒక విషయం ఎంచుకోవాలి. నేను తిరుపతి వీధుల్లో పూలు కట్టే ఆడవాళ్ల కోసం కూర్చునే సాధనం చేస్తానన్నాను. ఈ ఊళ్లో పూల పని ఎంత ఉందో మీకు నేను చెప్పక్కర్లేదు. తెల్లవారుజామున మొదలుపెట్టి గంటల తరబడి ఒకే చోట కూర్చుంటారు. కొందరు నేల మీద గోనె పరుచుకుని, కొందరు బోర్లించిన ప్లాస్టిక్ ట్రే మీద, కొందరు ఇటుకల మీద చెక్క వేసుకుని కూర్చుంటారు. సాయంత్రానికి లేవాలంటే పక్కనున్న స్తంభమో గోడో పట్టుకోవాలి.

కుర్చీ ఇస్తే సరిపోతుంది కదా అని మా క్లాసులో ఒకరు అడిగారు. అదే మాట ఓ అక్కను అడిగాను. ఆమె కనకాంబరాలు కడుతూ తలెత్తకుండానే, "ఎత్తు మీద కూర్చుంటే ఒడి నిలవదు పాపా, పూలన్నీ జారిపోతాయి" అంది. ఏ పుస్తకంలోనూ దొరకని కొలత అది. మామూలు కుర్చీ ఎత్తు పదిహేడు, పద్దెనిమిది అంగుళాలుంటుంది. దాని మీద కూర్చుంటే తొడలు నేలకు సమంగా ఉంటాయి, ఒళ్లో వేసిన పూలు ముందుకు జారతాయి. వాళ్లకు మోకాళ్లు నడుం కన్నా కాస్త పైన ఉండాలి, అప్పుడే ఒడి ఏర్పడుతుంది. పైగా ఎదురుగా తడి గోనె మీద పోసిన పూల కుప్ప చేతికి అందాలి, నీళ్లు చల్లడానికి వంగాలి. అలాగని వంటింటి పీటలాగా మూడు నాలుగు అంగుళాలుంటే లేవడం కష్టం. అటూ ఇటూ చూసి జానెడు ఎత్తు దగ్గర ఆగాను. అంటే తొమ్మిది అంగుళాలు.

వాళ్లు ఒకే తీరున కూర్చోరు. కాసేపు రెండు కాళ్లూ ముందుకు పెడతారు, కాసేపు ఒక కాలు మడిచి పైన పెట్టుకుంటారు, తిమ్మిరి పడితే కాలు మారుస్తారు. అందుకని వెడల్పు ఎక్కువ పెట్టాను, పద్దెనిమిది అంగుళాలు. ముందు పట్టె పై అంచును బాగా గుండ్రంగా తీయించాను. అంచు పదునుగా ఉంటే తొడ కింద నొక్కి కాలు తిమ్మిరెక్కుతుంది. ఇంత చిన్న విషయానికి కంప్యూటర్ మీద గీసిన బొమ్మ పనికిరాలేదు. చిత్రిక పట్టడం, కూర్చోవడం, మళ్లీ చిత్రిక పట్టడం. చేత్తో చేయడమంటే నాకు అర్థమైంది ఇదే. చెక్క మీద లతలూ పువ్వులూ చెక్కడం గొప్ప విద్య, మన మాధవమాల శిల్పుల పని చూస్తే ఎవరైనా నిలబడిపోతారు. కానీ ఆ అంచు ఎంత గుండ్రంగా ఉండాలో అరచేత్తో తడిమి తేల్చడం కూడా చేతిపనే. దానికి ఎవరూ బిరుదులివ్వరు.

పీట నిర్మాణం చెబుతాను. చేతిలో ఉన్నవాళ్లు తిప్పి చూస్తూ వినండి. నాలుగు కోళ్లున్నాయి. ముందొకటి, వెనకొకటి పొడుగు పట్టెలు. అవి కోళ్లలోంచి దూరి అవతలికి బెత్తెడు పొడుచుకొచ్చాయి. అలా పొడుచుకొచ్చిన చోట చిన్న రంధ్రం, అందులో చీల. ఎద్దుల బండి చక్రం ఊడిపోకుండా ఇరుసు చివర కడచీల పెడతారు చూడండి, అది గుర్తొచ్చే ఈ చీల పెట్టాను. కాకపోతే ఇది ఏటవాలుగా ఉంటుంది, కొట్టేకొద్దీ కోడును లోపలికి నెడుతుంది. ఇక పక్కల ఉన్న రెండు పొట్టి పట్టెలకు చీలలు లేవు. వాటిని మంచంలోలాగే అల్లిక బిగువే పట్టుకుని ఉంటుంది. వెనక వైపు అల్లికను ముందే ఆపి తాడుతో లాగి కట్టాం. మొత్తం మీద ఎక్కడా జిగురు లేదు, ఒక్క మేకు లేదు.

బెత్తెడు ఎందుకంత పొడవు అని అడగొచ్చు. చీల రంధ్రం పట్టె కొసకు మరీ దగ్గరగా ఉంటే, చీలను కొట్టినప్పుడు చెక్క నార వెంట చీలిపోతుంది. కాబట్టి రంధ్రం దాటాక కనీసం రెండు అంగుళాల చెక్క మిగలాలి. ఆ మిగిలిన చెక్క బలం కోసం ఎలాగూ ఉండాలి కనక, దాన్నే పిడిగా మలిచాం. లేచేటప్పుడు రెండు చేతులూ దాని మీద ఆనించి లేవొచ్చు. సరుకు సర్దుకుని పోయేటప్పుడు పట్టుకుని ఎత్తొచ్చు. అరటినార కట్టను తడిగా దానికి తగిలించుకోవచ్చు. ఈ చివరిది నేననుకుని పెట్టింది కాదు, వాడిన అక్క తనే తగిలించేసింది.

చీల వాలు గురించి, ఈ పీట చేసిన ఆచారి గారితో చాలాసేపు మాట్లాడాను. వాలు ఎక్కువైతే కొట్టిన చీల తనంతట తానే వెనక్కి జారి వస్తుంది. తక్కువైతే ఎంత కొట్టినా బిగువు తెలియదు, అలా కొడుతూ పోతే పట్టె చీలుతుంది. ఎనిమిదింట ఒక వంతు వాలు దగ్గర, అంటే ఎనిమిది అంగుళాల పొడవుకు ఒక అంగుళం వాలు దగ్గర, సరిగ్గా నిలబడింది. చీలకు నల్లతుమ్మ వాడాం. బండి చక్రాలకూ నాగళ్లకూ మన వాళ్లు వాడిన కర్ర అది, దెబ్బలు తినడానికి పుట్టింది.

చీల ఎందుకు, ఫెవికాల్ వేసి బిగించేస్తే జీవితాంతం ఉంటుంది కదా అని మా వాళ్లే కొందరన్నారు. ఇక్కడ చెక్క స్వభావం చెప్పాలి. వానాకాలంలో తలుపు పట్టేస్తుంది, ఎండాకాలంలో దానంతటదే వదులవుతుంది. మీ అందరి ఇళ్లలో జరిగేదే. గాలిలో తేమ పెరిగితే చెక్క ఉబ్బుతుంది, తగ్గితే కుంచించుకుపోతుంది. ఇదంతా నారకు అడ్డంగా, అంటే వెడల్పులో జరుగుతుంది. పొడవులో దాదాపు ఏమీ మారదు. మూడడుగుల వెడల్పున్న గట్టి చెక్క బల్ల మే నెల ఎండకూ నవంబరు వానకూ మధ్య అర సెంటీమీటరు దాకా కదలగలదు. తిరుపతిలో ఈ తేడా మరీ ఎక్కువ. ఎండాకాలం నలభై డిగ్రీలు దాటి నిప్పులు చెరుగుతుంది, ఈశాన్య రుతుపవనాలకు గోడలు కూడా చెమర్చుతాయి. ఇప్పుడు అతుకు సంగతి చూడండి. పట్టె నారా కోడు నారా ఒకదానికొకటి అడ్డంగా ఉంటాయి. ఒకటి ఉబ్బే దిక్కున రెండోది ఉబ్బదు. ఏడాదికేడాది ఆ లాగులాటలో జిగురు పొర పగులుతుంది. జిగురు పగిలిన కుర్చీ కాలు ఊగడం మొదలుపెడితే, దాన్ని విరగకుండా ఊడదీయడం ఎంత నరకమో ఇక్కడున్న ఆచారులను అడగండి. మళ్లీ జిగురు వేయాలంటే పాతదంతా గీకాలి. చీల ఉంటే, ఎండాకాలం మొదట్లో ఒక దెబ్బ వేస్తే అయిపోతుంది.

కర్ర ఎంపిక గురించి కూడా మాట్లాడాలి. మాది బంగారుపాళ్యం దగ్గర ఊరు. చుట్టూ తోతాపురి తోటలు. కాబట్టి సహజంగా అందరూ, "మామిడి చెక్కతో చెయ్యి, మన జిల్లా పేరు వస్తుంది" అన్నారు. మామిడి చెక్క మీద నాకు గౌరవం ఉంది. ముసలి చెట్టు కొట్టినప్పుడు మంచి వెడల్పు పలకలు వస్తాయి, రంగు కూడా బాగుంటుంది. ఇంట్లో పొడి చోట ఉండే బల్లకు, అరలకు చక్కగా పనికొస్తుంది. కానీ కొట్టిన వెంటనే కోయించి ఆరబెట్టకపోతే నల్లమచ్చలు పడుతుంది, పురుగు తొందరగా పడుతుంది, తడి చోట ఎక్కువ కాలం నిలవదు. పూల పని అంటే రోజంతా నీళ్లు. ఊరి పేరు కోసం ఆమెకు రెండేళ్లలో పుచ్చిపోయే పీట ఇవ్వలేను కదా.

ఏ కర్ర దేనికో మన వాళ్లు ఎప్పుడో తేల్చి పెట్టారు. బొబ్బిలి వీణకు పనస. ఏటికొప్పాక బొమ్మకు అంకుడు, లేతగా ఉండి తరిణె మీద చక్కగా తిరుగుతుంది. మాంసం కొట్టే మొద్దుకు చింత. నాకు తడికీ పురుగుకూ తట్టుకునేది కావాలి, ఖరీదు తక్కువ ఉండాలి. వేప కుదిరింది. అయితే పచ్చి వేప ఆరేటప్పుడు మెలి తిరుగుతుంది, దాని నార అటూ ఇటూ అల్లుకుని ఉంటుంది కాబట్టి. అందుకని పాత ఇళ్లు కూల్చినప్పుడు వచ్చే వేప వాసాలు కొన్నాను. దశాబ్దాలుగా పైకప్పు కింద ఆరిన చెక్క అది, తిరగాల్సినంత ఎప్పుడో తిరిగేసింది. దాంతో వచ్చే ఇబ్బంది ఒక్కటే, మేకులు. పైకి కనబడవు, తుప్పు పట్టి లోపల విరిగి ఉంటాయి. చిత్రిక బ్లేడు దానికి తగిలితే గంట సేపు నూరుకోవాలి. ఆచారి గారు ప్రతి వాసం మీదా పాత స్పీకర్ అయస్కాంతం ఒకటి మెల్లగా జరుపుతూ పోయేవారు. ఎక్కడ చెయ్యి ఆగితే అక్కడ సుద్దముక్కతో గుర్తు పెట్టేవారు. తర్వాత ఉలితో తవ్వి మేకు తీసేవారు. నేను చూసిన పనుల్లో అంత ఓపికైన పని ఇంకోటి లేదు.

ఇక అల్లిక. ఇక్కడ మా అధ్యాపకులతో నాకు భేదాభిప్రాయం వచ్చింది, ఇప్పటికీ ఉంది. మీ చేతిలో ఉన్న పీటకు వేసింది నైలాన్ నవారు. అవును, ప్లాస్టిక్కే. చేతిపని వస్తువుకు ప్లాస్టిక్ ఏమిటి, కొబ్బరి పీచు వేయొచ్చు, నూలు నవారు వేయొచ్చు అన్నారు. రెండూ వేసి అక్కల చేత వాడించాను. కొబ్బరి తాడు నీళ్లకు బాగా తట్టుకుంటుంది, కానీ గుచ్చుకుంటుంది, చీర పోగులు లాగేస్తుంది. నూలు నవారు మెత్తగా బాగుంటుంది, కానీ ఒకసారి తడిస్తే సాయంత్రం దాకా ఆరదు, నాలుగు రోజులకు బూజు వాసన. నైలాన్ నవారు దులిపితే ఆరిపోతుంది. అన్నిటికన్నా ముఖ్యం, మంచాలకు వాడతారు కాబట్టి ఏ తాళ్ల కొట్టులోనైనా దొరుకుతుంది, అల్లడం సగం మందికి వచ్చు. తెగితే ఆమె తనే కొని తెచ్చుకోగలదు. అందమైన నార ఏదో ఎక్కడి నుంచో తెప్పించి వేస్తే, అది తెగిన రోజున ఆమె పని ఆగిపోతుంది. ప్లాస్టిక్ భూమికి మంచిది కాదని నాకూ తెలుసు. తడికి నిలిచి, ఒంటికి మెత్తగా ఉండి, మన బజారులో దొరికే నార వచ్చిన రోజున పీటలో ఏమీ మార్చకుండా నవారు స్థానంలో అదే అల్లుకోవచ్చు.

థోనెట్ కుర్చీ గురించి ఒక మాట గుర్తుంచుకోమన్నాను. ఏ కాలైనా ఏ కుర్చీకైనా సరిపోవడం. మన ఆచారులు స్కేలు పెట్టి కొలవడం కన్నా, ఒక ముక్క మీద ఇంకో ముక్క పెట్టి పెన్సిల్‌తో గీత గీస్తారు. అతుకు అద్భుతంగా కూర్చుంటుంది. కానీ ఆ పట్టె ఆ కోడుకే సరిపోతుంది, ఇంకో దానికి పోదు. రేపు ఒక కోడు విరిగితే కొత్తది చేయడానికి పీట మొత్తం ఆచారి దగ్గరికి మోసుకుపోవాలి. నేను చదువుకున్న ఇండస్ట్రియల్ డిజైన్ ఇక్కడ పనికొచ్చింది. రేకుతో ఒక అచ్చు కత్తిరించాం. నాలుక మందం, రంధ్రం ఎక్కడుండాలి, చీల వాలు, అన్నీ ఆ ఒక్క రేకు మీదే ఉన్నాయి. నాలుగు కోళ్లూ ఆ రేకుతోనే గుర్తు పెట్టాలి. మొదట ఆచారి గారు ఒప్పుకోలేదు. "కంటికి తెలియదా అమ్మాయ్" అన్నారు. ఆయన కంటికి తెలుసు. ఆయన కొట్టు మూసి ఉన్న రోజున ఇంకో ఊళ్లో ఇంకో ఆచారి చేసిన కోడు ఈ పీటకు సరిపోవాలి, దాని కోసం అని చెబితే ఒప్పుకున్నారు. తర్వాత రేకుకు ఒక మూల చిల్లు పొడిచి, ఉలుల పక్కన మేకుకు తగిలించుకున్నారు.

ప్రశ్నలుంటే అడగండి.

(ఒక డిగ్రీ విద్యార్థి: మన శేషాచలం ఎర్రచందనంతో ఇలాంటివి చేస్తే ప్రపంచమంతా కొంటారు కదా అక్కా?)

కొంటారు తమ్ముడూ, అదే భయం. ఎర్రచందనం సహజంగా పెరిగేది ఎక్కువగా మన ఈ కొండల్లోనే, శేషాచలం, వెలికొండ, పాలకొండ ప్రాంతంలో. అందుకే 1995 నుంచి సైటీస్ అనే అంతర్జాతీయ ఒప్పందం జాబితాలో ఉంది, దేశాల మధ్య వ్యాపారం మీద నిఘా ఉంటుంది. చేవ కట్టడానికి దశాబ్దాలు పడుతుంది. మరపాచి బొమ్మలకు ఆ కర్ర వాడడం మన ఆచారం, కొలువులో పెట్టే జంట బొమ్మ తరతరాలు ఉంటుంది, అరచేతంత చెక్క చాలు. దానికి న్యాయం ఉంది. కూర్చోవడానికి ఆ కర్ర వాడడంలో న్యాయం లేదు. పైగా అది నీళ్లలో వేస్తే మునిగేంత బరువు. రోజూ సరుకుతో పాటు మోసుకెళ్లే ఆమెకు ఆ బరువు ఎందుకు?

(ఒక పూల వ్యాపారి: ఎంత పడుతుందమ్మా? ప్లాస్టిక్ స్టూలు మూడొందలకు వస్తుంది.)

చెక్క, నవారు, ఆచారి కూలీ అన్నీ కలిపి పద్దెనిమిది వందల దాకా అయింది పెద్దాయనా. ఒక్కటే చేస్తే అంత. పది కలిపి చేస్తే కూలీ తగ్గుతుంది, కానీ మూడొందలకు రాదు. ఆ స్టూలు కాలు విరిగితే పారేయడమే, మళ్లీ మూడొందలు. దీనికి నవారు మార్చుకుంటే మళ్లీ కొత్తది. అయినా ఒక్కసారే అంత డబ్బు పెట్టడం పూలమ్మే మనిషికి కష్టమని నాకు తెలుసు. అందుకే దీన్ని కొనమని వాళ్లను అడగట్లేదు. పొదుపు సంఘాల వాళ్లతో మాట్లాడుతున్నాను, వాయిదాల్లో ఇవ్వడానికి వీలవుతుందేమోనని. ఇంకా ఏదీ తేలలేదు.

(ఒక వడ్రంగి: ఈ మోడల్ మేం చేసి అమ్ముకోవచ్చా? టేకుతో చేస్తే బాగుంటుంది.)

చేసుకోండి ఆచారి గారూ, అందుకే వచ్చాను. కొలతల కాగితం, రేకు అచ్చు ఆ బల్ల మీద ఉన్నాయి, ఎవరైనా గీసుకుపోవచ్చు. టేకు అయినా సరే, మీ దగ్గర పాత వాసాలుంటే ఇంకా మంచిది. కూర్చునే మనిషిని బట్టి ఎత్తు మార్చండి, వెడల్పు మార్చండి, కోళ్లకు మీకు నచ్చిన గుబ్బలు చెక్కండి. రేకు మీదున్న మూడు కొలతలు మాత్రం మార్చకండి, మార్చితే ఒకరు చేసిన కోడు ఇంకొకరి పీటకు పట్టదు. చీల దగ్గర ఫెవికాల్ వేయకండి. వదులైందని ఎవరైనా తెస్తే ముందు చీల కొట్టి చూడండి, అప్పటికీ ఊగితే చీల ఒక్కటే కొత్తది చేసి ఇవ్వండి. నల్లతుమ్మ ముక్కలు నా దగ్గర కొన్ని మిగిలాయి, వెళ్లేటప్పుడు తీసుకెళ్లండి.